ఆన్‌లైన్ వేలంలో నకిలీ నాణెం: అమ్మినవారు వాయిదాలు వేస్తుంటే ఏం చేయాలి?

ప్రశ్న: అయ్యా, నేను విశ్రాంత ఉపాధ్యాయుడిని. మా నాన్నగారు కూడబెట్టిన పాత నాణేల్లో 1835 నాటి ఈస్టిండియా కంపెనీ వెండి రూపాయి ఒక్కటే లోటుగా ఉండేది. దాన్ని ఒక ఆన్‌లైన్ వేలం సైటులో చూసి, పాట పాడి, రూ.7,200కు దక్కించుకుని, డబ్బు సైటు ద్వారానే డెబిట్ కార్డుతో చెల్లించాను. నాణెం వచ్చాక ప్రొద్దుటూరులో తెలిసిన కంసాలి చేత తూయిస్తే 9.3 గ్రాములే తూగింది. అది వెండి కాదని కూడా ఆయన చెప్పారు. అమ్మిన వ్యక్తికి ఫోన్ చేస్తే మొదట పాత నాణెం కనుక అరిగి ఉంటుందన్నారు. తర్వాత వాపసు తీసుకోనని ప్రకటనలోనే రాశానన్నారు. ఇప్పుడేమో, ‘వస్తువు సరిగా అందింది’ అని మీరు సైటులో నొక్కితే అక్కడ ఆగి ఉన్న డబ్బు నాకు వస్తుంది, వెంటనే మీకు తిప్పి పంపుతాను అంటున్నారు. ఫిర్యాదుకు సైటు ఇచ్చిన గడువు 30 రోజులు; అందులో 22 గడిచిపోయాయి. నొక్కమంటారా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, కడప

జవాబు: నొక్కవద్దు మాస్టారూ. ఆ డబ్బు ఇంకా సైటు చేతిలోనే ఉండడం ఈ మొత్తం వ్యవహారంలో మీకు ఉన్న పెద్ద బలం. మీరు నొక్కిన క్షణం నుంచి వస్తువు బాగుందని మీరే ఒప్పుకున్నట్టు అవుతుంది, డబ్బు అతని ఖాతాకు చేరుతుంది, ఆ తర్వాత అతను ఫోన్ ఎత్తకపోతే మీరు చేయగలిగింది చాలా తగ్గిపోతుంది. నిజంగా తిరిగి ఇవ్వాలనుకునే వ్యక్తి తన ఖాతా నుంచి ఒక్క రూపాయి తీయాల్సిన పని కూడా లేదు. వాపసుకు ఒప్పుకుంటున్నానని సైటులో తెలియజేస్తే సైటే మీకు డబ్బు తిప్పి వేస్తుంది. అంత తేలిక దారి ఉండగా అతను మీ చేత నొక్కించడానికి చూస్తున్నాడంటే ఉద్దేశం ఏమిటో తెలుస్తూనే ఉంది.

కనుక ఈ జవాబు చదివిన రోజే సైటులో ఫిర్యాదు నమోదు చేయండి. ఇంకా ఎనిమిది రోజులు ఉన్నాయి కదా అని ఆగవద్దు. మాకు వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ మంది నష్టపోయింది నకిలీ వస్తువు వచ్చినందుకు కంటే, అమ్మినవారి మంచి మాటలు నమ్మి గడువు దాటబెట్టుకున్నందుకే. పది రోజులు, పండగ వెళ్లాక, ఆస్పత్రిలో ఉన్నాను అంటూ వాయిదాలు వేసేది ఆ ముప్పై రోజులు దాటించడానికే. ఇకపై ఫోన్‌లో మాట్లాడడం కూడా మానేసి, ప్రతి మాటా సైటులోని సందేశాల పెట్టెలోనే రాయండి. ఫోన్‌లో అన్నది తర్వాత అనలేదంటే మీ దగ్గర రుజువు ఉండదు. ఇప్పటివరకు ఫోన్‌లో జరిగిన సంభాషణ సారాంశాన్ని కూడా, ‘ఫలానా తేదీన మీరు ఇలా చెప్పారు’ అని అదే పెట్టెలో రాసి పెట్టండి.

మీ ఫిర్యాదుకు ఆధారం బలంగానే ఉంది. ఆ కాలపు కంపెనీ రూపాయి బరువు 11.66 గ్రాములు, అంటే సరిగ్గా ఒక తులం. ఇప్పుడు నగల దుకాణాల్లో తులాన్ని పది గ్రాములుగా లెక్కిస్తున్నా, పాత తులం అంటే రూపాయి ఎత్తే. అందులో పన్నెండు పాళ్లకు పదకొండు పాళ్లు వెండి. వాడకంలో నాణెం కొంత అరగడం నిజమే కానీ, మీ దానిలో లోటు 2.36 గ్రాములు, అంటే ఐదో వంతు. రాజు ముఖం, అక్షరాలు స్పష్టంగా ఉన్న నాణెం ఐదో వంతు బరువు అరిగిపోవడం సాధ్యం కాదు. అంచు మీది సన్నని గీతలను కూడా భూతద్దంతో చూడండి. పోత పోసిన నకిలీల్లో ఆ గీతల మధ్య అతుకు లాంటి గీర తరచుగా కనిపిస్తుంది. ఒక్క విషయంలో మాత్రం పొరబడవద్దు: రాజు విలియం పేరు పక్కన నాలుగు అనే రోమన్ అంకె మామూలుగా రాసే IV లా కాక నాలుగు నిలువు గీతలుగా (IIII) ఉంటుంది. అసలు నాణెం మీద కూడా అలాగే ఉంటుంది కాబట్టి దాన్ని నకిలీకి రుజువుగా రాస్తే మీ ఫిర్యాదే బలహీనపడుతుంది.

తూకం మీద నాణెం ఉండగా అంకె కనిపించేలా ఫోటో తీయండి. కంసాలి గారి చేత తేదీ వేసి, సంతకంతో ఒక చీటీ రాయించుకోండి; ప్రొద్దుటూరులో లోహాన్ని యంత్రంతో పరీక్షించి కాగితం ఇచ్చేవారు దొరికితే ఇంకా మంచిది. అమ్మకం ప్రకటన పేజీని, అందులోని ‘అసలైన వెండి’ వంటి మాటలతో సహా, ఇప్పుడే ఫోటోగా దాచుకోండి, ఎందుకంటే అది రేపటికి మాయం కావచ్చు. నాణేన్ని మాత్రం సైటు చెప్పిన పద్ధతిలో, సైటు చూపిన చిరునామాకు తప్ప, అతను ఫోన్‌లో చెప్పిన చిరునామాకు పంపవద్దు.

‘వాపసు లేదు’ అని రాశానన్న మాటకు విలువ లేదు. 2020 జూలైలో వచ్చిన ఇ-కామర్స్ నియమాల ప్రకారం, నకిలీ వస్తువును గానీ ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని వస్తువును గానీ తిరిగి తీసుకోనని, డబ్బు ఇవ్వనని అమ్మకందారు అనడానికి వీల్లేదు. అవే నియమాల కింద సైటు మీ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, ఒక నెలలో పరిష్కరించాలి, ఫిర్యాదుకు ఒక సంఖ్య ఇవ్వాలి. మీరు రాతపూర్వకంగా అడిగితే అమ్మకందారు చిరునామా వివరాలు కూడా ఇవ్వాలి. అయితే ఇంట్లో ఉన్న ఒకటీ అరా వస్తువును అమ్ముకునే సామాన్య వ్యక్తికి ఈ నియమాలు వర్తించవు. క్రమం తప్పకుండా వ్యాపారంగా అమ్మేవారికే వర్తిస్తాయి. అందుకే అతని పేజీలో ఇంతకుముందు ఎన్ని వస్తువులు అమ్మాడో చూపే జాబితాను కూడా ఫోటో తీసి పెట్టుకోండి.

సైటు కూడా తేల్చకపోతే ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పండి. వారికి తీర్పు ఇచ్చే అధికారం లేకపోయినా, సంస్థలను కదిలించడంలో ఉపయోగపడతారు. డబ్బు సైటు నుంచి అతనికి వెళ్లిపోయే పరిస్థితి వస్తే, కార్డు ఇచ్చిన మీ బ్యాంకులో కూడా అభ్యంతరం రాసి ఇవ్వండి; దానికీ గడువు ఉంటుంది. చివరి మెట్టు వినియోగదారుల కమిషన్. అమ్మినవారు ఏ రాష్ట్రంలో ఉన్నా, 2019 చట్టం ప్రకారం మీరు నివసించే కడపలోనే, జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. కొన్న వస్తువు విలువ అయిదు లక్షల రూపాయల లోపు కనుక రుసుము లేదు, న్యాయవాదిని పెట్టుకోవడం తప్పనిసరి కాదు, రెండేళ్ల వరకు సమయం ఉంది. ఎదుటి పక్షానికి నోటీసు అందాక మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే అయిదు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది. వాస్తవంలో అంతకంటే ఎక్కువ పట్టవచ్చు కనుక, మీ శక్తినంతా ముందు సైటు దగ్గరే పెట్టండి.

ప్రశ్న: పాత ఇత్తడి దీపపు స్తంభం కోసం ఒక వేలంలో చివరి వరకు పాడి ఓడిపోయాను. మరునాడు వాట్సాప్‌లో ఒకరు, ‘గెలిచినవారు వద్దన్నారు, మీ పాటకే ఇస్తాను, సైటుకు కమీషన్ ఎందుకు’ అని రాస్తే రూ.4,000 యూపీఐలో పంపాను. రెండు రోజులుగా జవాబు లేదు. ఇప్పుడు వేరే నంబరు నుంచి, డబ్బు తిరిగి రావాలంటే ఈ క్యూఆర్ స్కాన్ చేయమని సందేశం వచ్చింది.
– ఒక గృహిణి, అనంతపురం

జవాబు: అమ్మా, ఆ క్యూఆర్‌ను ముట్టుకోవద్దు. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ నంబరు అవసరం ఎప్పుడూ ఉండదు. పిన్ కొట్టమన్నారంటే మీ ఖాతా నుంచి తీయడానికే. ఇప్పుడే 1930కు ఫోన్ చేయండి, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో లావాదేవీ సంఖ్యతో సహా నమోదు చేయండి, మీ బ్యాంకుకు కూడా చెప్పండి. డబ్బు చేరిన ఖాతాలో ఇంకా మిగిలి ఉంటే దాన్ని ఆపించే వీలు ఉంటుంది. గంటలు గడిచేకొద్దీ ఆ వీలు తగ్గిపోతుంది. రెండు రోజులయింది కదా ఇక దండగ అని మానుకోవద్దు, ఎందుకంటే మీ ఫిర్యాదు వల్ల అదే ఖాతాకు డబ్బు పంపబోయే మరొకరు బయటపడవచ్చు. ఇది భారతీయ న్యాయ సంహితలోని 318వ సెక్షన్ కింద మోసం. వేరొకరిలా నటించి చేసి ఉంటే సమాచార సాంకేతిక చట్టంలోని 66డి సెక్షన్ కూడా వర్తిస్తుంది. ఆ మనిషి ఏ రాష్ట్రంలో ఉన్నా అనంతపురంలోని పోలీసు స్టేషన్‌లోనే ఫిర్యాదు తీసుకోవాలి. మా పరిధి కాదనే కారణంతో తిప్పి పంపకూడదు.

మీకు సందేశం పంపింది అసలు అమ్మకందారేనా అన్నది కూడా అనుమానమే. సైటు సందేశాల పెట్టెలో అతన్ని అడగండి. అతను కాకపోతే, పాటదారుల వివరాలు బయటికి పొక్కాయని సైటుకు ఫిర్యాదు చేయండి. అతనే అయితే ఇంకో సంగతి గమనించాలి. మీ పాటను చివరి వరకు పెంచుతూ వచ్చిన ఆ ‘గెలిచిన’ వ్యక్తి, అమ్మకందారే వేరే పేరుతో పెట్టిన దొంగ పాటదారు అయి ఉండవచ్చు. కడప యార్డులో పసుపు పాట జరిగేటప్పుడు కొమ్ము విరిచి చూస్తారు, ఎదుట ఎవరు పాడుతున్నారో కళ్లతో చూస్తారు. ఇక్కడ ఆ రెండూ ఉండవు. అతని గత వేలాల్లో ఒకే పేరు మాటిమాటికీ ధర పెంచి, అరుదుగానే కొన్నట్టు కనిపిస్తే ఆ వివరాలను సైటుకు రాయండి. సైటు బయట చెల్లించిన డబ్బుకు మాత్రం సైటు రక్షణ సాధారణంగా దొరకదు. కమీషన్ మిగులుతుందన్న మాటతో వారు మిమ్మల్ని ముందుగా దూరం చేసింది ఆ రక్షణకే.

ప్రశ్న: వేలంలో కొన్న పాత గడియారం నడవడం లేదు. మంచి రేటింగ్ ఇస్తేనే సగం డబ్బు ఇస్తానని అమ్మినవారు అంటున్నారు. ఒప్పుకోవచ్చా?
– పాఠకుడు, కర్నూలు

జవాబు: ఒప్పుకోవద్దు. ప్రకటనలో ‘నడుస్తోంది’ అని ఉంటే మీకు రావలసింది సగం కాదు, పూర్తి డబ్బు. అతని షరతును సైటు సందేశాల్లోనే రాయించుకుని, ఆ సందేశాన్నే మీ ఫిర్యాదుకు జతచేయండి; అనేక సైట్ల నిబంధనల్లో రేటింగ్‌తో బేరం పెట్టడం నిషేధం. డబ్బు ముట్టాక జరిగింది జరిగినట్టు రేటింగ్‌లో రాయండి. తర్వాత ఆ పేజీ చూసే కొనుగోలుదారుకు గడియారాన్ని తాకి చూసే అవకాశం ఉండదు. మీరు రాసిందే ఆధారం.