ప్రోటోటైప్ మెషిన్ నడిపే ఉద్యోగమా? ముందు రీసెట్ బటన్ ఎక్కడుందో చూడు

ప్రశ్న: "భూగర్భ గనుల పరిశోధన ల్యాబ్‌లో ప్రోటోటైప్ యంత్రాలను నడిపి పరీక్షించే కాంట్రాక్ట్ ఉద్యోగం వచ్చింది. నాది మెకానికల్ డిప్లొమా. వెళ్ళొచ్చా? బాగా రిస్కా?"

వెళ్ళు తమ్ముడూ. రిస్క్ ఉంది, కానీ నువ్వు అనుకుంటున్న చోట కాదు.

మాది మహారాష్ట్రలోని బల్లార్షా. మా నాన్న పెద్దపల్లి వైపు నుంచి బొగ్గు బాయి పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, బాయిలోకి దిగితే హిందీ. నేను చాందా (చంద్రపూర్) దగ్గర ఒక అండర్‌గ్రౌండ్ గనిలో ఎస్‌డీఎల్, అంటే పేలిన బొగ్గును బకెట్‌తో ఎత్తి పక్కకు పోసే లోడర్ బండి, దాని ఆపరేటర్‌గా చేశాను. రిటైరయ్యే ముందు కొన్నాళ్ళు ఒక పరిశోధన సంస్థ వాళ్ళు తెచ్చిన రిమోట్ ఎస్‌డీఎల్‌ను నడిపి చూసే పని నాకు అప్పజెప్పారు. గనిలో ఒక మూల డిస్ట్రిక్ట్‌ను (గనిలో ఒక భాగాన్ని అలాగే అంటాం) వాళ్ళకు వదిలారు, అదే వాళ్ళ ల్యాబ్. ల్యాబ్ అంటే తెల్లకోటు, ఏసీ గది ఊహించుకుంటే ఇప్పుడే మరిచిపో. గంబూట్ల నిండా నీళ్ళు, నెత్తి మీద కప్పు నుంచి చుక్కలు, ఫ్యాన్ గాలి అందని చోట చెమట. పైన చాందా ఎండ ఎలాగుంటుందో ఈ వైపు వాళ్ళకు చెప్పనక్కర్లేదు, కిందకు దిగితే చల్లగా ఉంటుందని మాత్రం ఎవరూ నమ్మకండి.

రిమోట్ ఎందుకంటే, బ్లాస్టింగ్ అయ్యాక ఫేస్ దగ్గర, అంటే బొగ్గు తవ్వే చివరి గోడ దగ్గర, కొంత మేర కప్పుకు అది కూలకుండా పట్టి ఉంచే బోల్ట్‌లు ఇంకా పడవు. దాన్నే గ్రీన్ రూఫ్ అంటాం. చివరి వరస బోల్ట్‌లు దాటి మనిషి అడుగు పెట్టకూడదు. పెడితే సపోర్ట్ వేయడానికే పెట్టాలి. మామూలు ఎస్‌డీఎల్‌లో ఆపరేటర్ బండి మీదే ఉంటాడు కాబట్టి కొంచెం ముందుకు పోతే అతని తల కూడా ఆ కప్పు కిందికే వస్తుంది. రిమోట్ ఉంటే బండి ఒక్కటే లోపలికి పోతుంది, మనిషి వెనకాల బోల్ట్‌ల కింద నిలబడతాడు. ఆలోచన మంచిదే, నేను కాదనను.

పైన వర్క్‌షాప్ దగ్గర వేపచెట్టు కింద ట్రయల్ చేసినప్పుడు ఒక్క వంక లేదు. బండి ముందుకు, వెనక్కి, బకెట్ పైకి, పక్కకు, అన్నీ చెప్పినట్టు. పెద్ద సార్లు వచ్చారు, ఫొటోలు దిగారు, కొబ్బరికాయ కొట్టారు.

కింద ఏమైందో విను. రెండో షిఫ్ట్. నేను జంక్షన్ మూల దగ్గర నిలబడి బండిని ఫేస్‌లోకి పంపాను. దాని పొడవులో సగానికి పైగా గ్రీన్ రూఫ్ కిందికి పోయింది. అక్కడ సిగ్నల్ తెగింది. గనిలో రేడియో తిన్నటి గ్యాలరీలో (సొరంగం దారిలో) బాగానే పోతుంది, పిల్లర్ (కప్పుకు ఆసరాగా తవ్వకుండా వదిలిన బొగ్గు దిమ్మె) మూల తిరిగిందంటే చచ్చిపోతుంది. వేపచెట్టు కింద పిల్లర్ ఎక్కడిది, ఈ సంగతి తెలియడానికి? సిగ్నల్ పోగానే బండి తనంతట తానే ఆగింది, బ్రేకులు పడ్డాయి. అది సరైన పనే, అలాగే ఆగాలి. యంగ్ ఇంజనీర్ ఒకతను సంతోషంతో గంతేశాడు. "కాకా, ఫెయిల్‌సేఫ్ పనిచేసింది!"

సరే, మళ్ళీ స్టార్ట్ చేద్దామంటే రీసెట్ కొట్టాలి. రీసెట్ బటన్ ఎక్కడుంది? బండి మీద, ప్యానెల్ పక్కన. బండి ఎక్కడుంది? గ్రీన్ రూఫ్ కింద.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ అబ్బాయి "రెండు సెకన్ల పని" అంటూ అడుగు ముందుకేశాడు. మా సర్దార్, అంటే షిఫ్ట్‌లో మా భద్రత చూసుకునే మైనింగ్ సర్దార్, మంథని వైపు మనిషి, చెయ్యి అడ్డం పెట్టాడు. "లోపలికి పోయి బటన్ నొక్కేదైతే ఇంక ఈ రిమోట్ ఎందుకు సాబ్?"

నా సర్వీసులో విన్న టెక్నికల్ కామెంట్లలో దీన్ని మించింది లేదు. సర్దార్ ఇంజనీరింగ్ చదవలేదు. చివరి బోల్ట్ కింద నిలబడి డ్రెస్సింగ్ బార్‌తో (పొడవాటి ఇనుప కడ్డీతో) ముందున్న కప్పును కొట్టి చూశాడు. డొల్ల చప్పుడు, అంటే కప్పు వదులైంది. వెంటనే అడ్డంగా కంచె కట్టించి తన పై అధికారి ఓవర్‌మ్యాన్‌కు కబురు పంపాడు. బండి గ్యాలరీ నిండా నిలబడింది కాబట్టి బోల్ట్‌లకు డ్రిల్ వేసే చోటు లేదు. పక్కల నుంచి ప్రాప్‌లు (కప్పుకు ఆనించే స్తంభాలు) ఒక్కొక్కటే నిలబెట్టుకుంటూ, బిగించుకుంటూ బండి దాకా పోవడానికి షిఫ్ట్ మొత్తం పట్టింది. బటన్ నొక్కింది మూడో షిఫ్ట్ వాళ్ళు.

ఆ రాత్రి కప్పు కూలలేదు. కూలలేదు కాబట్టే రిపోర్ట్‌లో ఈ కథ లేదు. "తాత్కాలిక కమ్యూనికేషన్ అంతరాయం" అని ఒక లైన్ రాశారు. సర్దార్ పేరు లేదు, ఆయన మాట అసలే లేదు. తర్వాతి మోడల్‌లో రీసెట్‌ను రిమోట్ బాక్స్‌లోకే తెచ్చారు. రెండు బటన్లు కలిపి నొక్కితేనే పనిచేసేలా పెట్టారు. ఆ ఐడియా ఎవరిదో డ్రాయింగ్ మీద సంతకం చేసినవాళ్ళకు తెలియదేమో, మాకు తెలుసు. నన్నడిగితే ప్రోటోటైప్ రిపోర్ట్ మొదటి పేజీ ఆపరేటర్, సర్దార్ చెప్పింది చెప్పినట్టు రాయాలి, గ్రాఫ్‌లు ఆ తర్వాత. దీనికి నా దగ్గర లెక్కలేమీ లేవు, అనుభవం ఉంది, అది చాలు.

రిమోట్ ఇస్తే మనిషి సేఫ్ అనేది కూడా సగం నిజమే. అమెరికాలో కంటిన్యువస్ మైనర్లకు (బ్లాస్టింగ్ లేకుండా బొగ్గు కోసే యంత్రాలకు) రిమోట్ వచ్చాక ఆపరేటర్ కప్పు ప్రమాదం నుంచి బయటపడ్డాడు గానీ, మెషిన్‌కూ పక్క గోడకూ మధ్య నలిగి చనిపోయే కేసులు వచ్చాయి. మనిషి దగ్గరికొస్తే మెషిన్ తనంతట ఆగే ఏర్పాటు ఉండాలని 2015లో అక్కడ రూల్ తెచ్చారు. వాళ్ళకు ప్రయోగాలకని ప్రత్యేకంగా గనే ఉంది, పిట్స్‌బర్గ్ దగ్గర బ్రూస్‌టన్‌లో, 1910 నుంచి. గ్యాస్ లేకపోయినా ఉత్త బొగ్గు దుమ్మే పేలుతుందంటే ఆ రోజుల్లో చాలామంది నమ్మలేదట. 1911లో జనం ముందే పేల్చి చూపించారు.

మనకేమో చాలావరకు నడుస్తున్న గనిలోనే ట్రయల్. ధన్‌బాద్ నుంచి డీజీఎంఎస్ (గనుల భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) అనుమతి తెచ్చుకుని దిగుతారు, ఆ రోజు టార్గెట్ తగ్గిందంటే మొదట ఆగేది ట్రయలే. మేనేజర్‌ను తప్పు పట్టలేం, ఆయన్ని అడిగేది టన్నులే. మా బల్లార్షా, చాందా చుట్టుపక్కల ఓపెన్‌కాస్ట్‌లు (పైనుంచి తవ్వే గనులు) వచ్చాక పాత అండర్‌గ్రౌండ్ గనులు మూతపడుతూ వస్తున్నాయి. నీళ్ళు నింపి వదిలేసే బదులు ఒక్కదాన్ని ప్రయోగాలకు ఇస్తే ఏం పోయింది? అడిగేవాడు లేడు.

ఇంకొకటి. కొత్తగా వచ్చే ఇంజనీర్లకు బాయి నోటి దగ్గర సోదా అంటే అవమానం. బీడీ, అగ్గిపెట్టె మాలాంటి వాళ్ళ దగ్గరే ఉంటాయని వాళ్ళ లెక్క. తమ జేబులో ఫోన్ ఉంటే తప్పు కాదా? బొగ్గు నుంచి వచ్చే మీథేన్ గ్యాస్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే చిన్న నిప్పురవ్వకే పేలుతుంది, 1.25 శాతం దాటగానే కరెంట్ కట్ చేయాలి. అందుకే మామూలు ల్యాప్‌టాప్ కిందికి రాదు. రీడింగులన్నీ పెన్సిల్‌తో నోట్‌బుక్‌లో రాశాం, పేజీలు తడిసి అతుక్కుపోయేవి. మెషిన్ కరెంట్ భాగాలుండే ఫ్లేమ్‌ప్రూఫ్ బాక్స్ అంటే లోపలికి గ్యాస్ పోదని అనుకుంటారు. పోతుంది. లోపల పేలినా మంట బయటకు రాకుండా ఆపడమే దాని పని. ఒక్క బోల్ట్ తక్కువైనా ఆ పని చేయలేదు. ప్రోటోటైప్‌ను మాటిమాటికీ విప్పుతారు కాబట్టి ఆ ఒక్క బోల్ట్ ఎవడో తన జేబులో వేసుకుని మరిచిపోతాడు. విప్పినవాడితోనే బిగించమను, బిగించాక నువ్వు లెక్కపెట్టు.

నీ విషయానికొస్తే, జాయినయ్యే ముందు వాళ్ళను ఒక్కటే అడుగు: ట్రయల్ మధ్యలో ఆపమనే అధికారం ఆపరేటర్‌కు ఉందా, ఆపితే జీతం కోస్తారా? దీనికి నీళ్ళు నమిలితే ఆలోచించుకో. డిప్లొమా ఉంది కాబట్టి హైడ్రాలిక్స్ బాగా పట్టుకో, ఈ మెషిన్లలో సగం గొడవ హోస్‌పైపుల దగ్గరే. గ్యాస్ టెస్టింగ్ సర్టిఫికెట్‌కు పరీక్ష రాసెయ్, కాంట్రాక్ట్ అయిపోయినా అది నీతోనే ఉంటుంది. గంబూట్లు మాత్రం సొంతంగా కొనుక్కో, స్టోర్‌లో నీ సైజు ఎప్పటికీ దొరకదు.