కుట్ల గాయాన్ని ఫోనులో చూసి చెప్పవచ్చా?

ప్రశ్న: నేను నర్సింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. రువాండాలో సిజేరియన్ అయిన బాలింతలను మళ్లీ ఆసుపత్రికి రప్పించకుండా, ఊళ్లోని ఆరోగ్య కార్యకర్త తీసిన ఫోటో ద్వారానే గాయాన్ని పరిశీలించే ప్రయత్నం జరిగిందని మా తరగతిలో చెప్పారు. తాకి చూడకుండా నిర్ణయించడం సురక్షితమేనా?
– ఒక విద్యార్థిని, ఖమ్మం

జవాబు: ఫోటో ఒక్కదాన్నే నమ్ముకుంటే సురక్షితం కాదు. కానీ అక్కడ చాలామంది బాలింతలకు ఫోటో కూడా లేకపోతే ఇంటికి వెళ్లాక గాయాన్ని చూసేవారే ఉండరు. తల్లిని కొద్ది రోజులకే ఇంటికి పంపిస్తారు. గాయం చీము పట్టడం తరచు ఆ తరువాతే బయటపడుతుంది. అందుకే సిజేరియన్ గాయాన్ని 30 రోజుల పాటు గమనించాలంటారు. పేద దేశాలలో ఈ ముప్పు ఎక్కువ: అనేక దేశాల సర్జన్లు కలిసి పరిశోధించే గ్లోబల్‌సర్జ్ బృందం 66 దేశాలలో పొట్ట, పేగుల ఆపరేషన్లు అయిన 12,539 మందిని పరిశీలించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, మానవాభివృద్ధిలో ముందున్న దేశాలలో 9.4 శాతం మందికి, వెనుకబడిన దేశాలలో 23.2 శాతం మందికి గాయం ఇన్ఫెక్షన్ సోకినట్లు తేలింది.

మీరు విన్నది బహుశా టాంజానియా సరిహద్దున ఉన్న కిరేహే జిల్లా ఆసుపత్రి గురించి. పార్ట్‌నర్స్ ఇన్ హెల్త్ సంస్థ, హార్వర్డ్ పరిశోధకులు కలిసి చేసిన ఆ పనిలో, ఆపరేషన్ అయిన సుమారు పదో రోజున, మన ఆశా కార్యకర్త వంటి ఆరోగ్య కార్యకర్త బాలింత ఇంటికి వెళ్లి, జ్వరం ఉందా, నొప్పి పెరిగిందా, గాయం నుంచి రసి కారుతోందా అని అడిగి, ఆపైన ఫోటో తీసేవారు. ఫోటో కన్నా ఆ గడప తొక్కడమే ముఖ్యమని నా అభిప్రాయం. దుర్వాసన, గాయం చుట్టూ గట్టిదనం, వేలితో నొక్కితే కలిగే నొప్పి ఏ కెమెరాకూ అందవు.

ఇంకొక చిక్కు ఉంది. ఇన్ఫెక్షన్ గుర్తుగా మన పాఠాలు ముందు చెప్పేది ఎర్రదనం. నల్లని ఒంటి మీద అది స్పష్టంగా కనబడదు (మన వార్డులలో కూడా ఇది గుర్తుంచుకోవలసిన మాటే). అందుకే ఆ పరిశోధకులు ఫోనుకు తగిలించే, ఒంటి వేడిని చూపే థర్మల్ కెమెరాను కూడా పరీక్షించారు.

మీరు ఎప్పుడైనా ఇటువంటి పనిలో చేరితే, డిశ్చార్జి రోజునే పగటి వెలుతురులో ఒక ఫోటో తీయించండి. తరువాతి ఫోటోను దేనితో పోల్చాలో అప్పుడే తెలుస్తుంది. సిజేరియన్ గాయం పొత్తికడుపు మీద ఉంటుంది కనుక బాలింత అనుమతి తీసుకోవాలి, ముఖం పడకూడదు, సొంత ఫోను వాడకూడదు. రసి గానీ జ్వరం గానీ ఉంటే, ఫోటో ఎంత శుభ్రంగా కనబడినా, ఆమెను అదే రోజు ఆసుపత్రికి పంపాలి. పసిబిడ్డతో ఆమె ఎలా వెళుతుంది, దారి ఖర్చు ఎవరు భరిస్తారు అన్నది ఫోన్లు కొనకముందే తేల్చుకోవాలి.