హంతకుడికి కాటుక పెట్టకండి బాబూ

నిజంగా జరిగిన వరుస హత్యల మీద సినిమా తీయడంలో అన్నిటికన్నా కష్టమేమిటని అడిగారు. కొందరు నటన అంటారు, ఇంకొందరు సెన్సారు అంటారు. నన్నడిగితే కాటుక అంటాను.

మా మేనల్లుడు భీమవరంలో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో, స్నేహితులను వెంటబెట్టుకుని పాలకొల్లు దగ్గర కాలువ గట్టున ఉన్న మా పెంకుటింట్లో లఘుచిత్రం తీయడానికి దిగాడు. కథ ఏలూరు ప్రసాదం కేసు. 2018 ఫిబ్రవరి నుంచి 2019 అక్టోబరు దాకా ఉభయ గోదావరి, కృష్ణా జిల్లాల్లో 10 మందిని సయనైడ్ కలిపిన ప్రసాదంతో చంపాడంటూ పోలీసులు ఒకతన్ని 2019 నవంబరులో అరెస్టు చేశారు. గుప్తనిధులని, బియ్యపు గింజలను లాక్కునే మహిమగల నాణెమని ఆశ పెట్టేవాడట. కొన్ని చావులను ఇంట్లోవాళ్లు సహజ మరణాలనే అనుకున్నారు. అతను ఒకప్పుడు అపార్ట్‌మెంటు వాచ్‌మన్ అని పత్రికలు రాశాయి.

మావాడి హంతకుడు మాత్రం నల్ల పంచె, మెడనిండా పూసలు, కళ్లకు బొగ్గులాంటి కాటుకతో అరుగెక్కి వికటంగా నవ్వాడు. పక్కనే మునగాకు దూస్తున్న మా అమ్మ తలెత్తి చూసింది.

"ఒరేయ్, ఈ అబ్బాయిని చూస్తే వీధికుక్క కూడా దగ్గరికి రాదు. ఇతని చేతి ప్రసాదం ఎవరు పుచ్చుకుంటారు? ధాన్యం కాటా వేయడానికి వచ్చే అబ్బాయిలా ఉండాలిరా."

"అలా ఉంటే చూసేవాళ్లకు భయం వేయదు అమ్మమ్మా."

"భయం వేయకపోబట్టే కదా వాళ్లు తిన్నారు!"

సినిమావాళ్లు కోట్లు ఖర్చుపెట్టినా పట్టుకోలేనిది ఇదే. కొరియా దర్శకుడు బోంగ్ జూన్ హో పట్టుకున్నాడు. అక్కడ నిజంగా జరిగిన వరుస హత్యల మీద 2003లో ఆయన తీసిన 'మెమరీస్ ఆఫ్ మర్డర్' చివర్లో, హంతకుడి ముఖం ఎలా ఉందని అడిగితే ఒక చిన్నపిల్ల మామూలుగానే ఉందంటుంది. అప్పటికి అసలు హంతకుడెవరో ఎవరికీ తెలియదు. డీఎన్ఏ ద్వారా 2019లో తేలింది. ఆ హత్యల్లో ఒకదానికి ఒక అమాయకుడు దాదాపు 20 ఏళ్లు జైల్లో మగ్గాడు, అతను నిర్దోషి అని కోర్టు 2020లో గానీ తేల్చలేదు. నేనైతే ముందు అతని కథ తీస్తాను.

మన దగ్గర గోదావరి అనగానే కొబ్బరిచెట్ల మీద డ్రోను ఎగరేసి, ప్రతి పాత్ర చేతా 'ఆయ్' అనిపిస్తారు. మా ఇంట్లో ఆ మాట అనేవాళ్లే లేరు. సరే, అది వేరే గోల.

మావాడి కథలో ఇంకో తప్పుంది. చనిపోయేవాడు బంగారం మాట వినగానే పెదవులు తడుపుకుంటాడు. నాకు ఒళ్లు మండింది. ఆ కుటుంబాలు మాకు నాలుగైదు ఊళ్ల అవతలే ఉన్నాయి. రేపు వాళ్ల పిల్లలు ఇది ఫోనులో చూస్తే? అప్పు తెచ్చి చేపల చెరువు లీజుకు తీసుకున్నవాణ్ణి ఆశపోతు అనం, రైతు అంటాం. వీళ్ల ఆశకు మాత్రం వెకిలి సంగీతమా? ఆ షాటు తీసేయకపోతే ఇల్లు ఖాళీ చేయమన్నాను. మూతి ముడుచుకుని తీసేశాడు. కాటుక మాత్రం తుడవలేదు.

షూటింగు కోసం అమ్మ పెద్ద గిన్నెతో చక్రపొంగలి వండింది. ఏలకుల వాసన వీధి దాకా కొట్టింది. మధ్యాహ్నం రెండు దాటింది, కుర్రాళ్లందరికీ ఆకలి. విస్తళ్లు వేసి వడ్డిస్తే ఒక్కడూ చెయ్యి పెట్టలేదు. వండింది అమ్మేనని తెలుసు, జీడిపప్పు వేయించిందీ వాళ్ల కళ్ల ముందే. అయినా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు. చివరికి కాటుక కుర్రాడే పూసలు వెనక్కి తోసుకుని మొదలుపెట్టాడు. రెండుసార్లు మారు వడ్డించుకున్నాడు.