చేపలకు పుండ్లు: చెరువులో మాత్రలు కలపవచ్చా?

ప్రశ్న: మాది ఒడిశా గజపతి జిల్లా, పర్లాకిమిడి దగ్గరి పల్లె. ఊరి మురుగు, ఒక క్లినిక్ నీళ్లు చేరే చెరువులో ఈ చలికాలం కొర్రమీనులకు, పరిగెలకు ఎర్రని పుండ్లు లేచాయి. మందులు కలిసిన నీటివల్లేనా? మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలు పొడిచేసి చెరువులో చల్లమంటున్నారు. ఆ చేపలు తినవచ్చా?

జవాబు: మాత్రలు మాత్రం చల్లకండి. మీరు చెప్పిన కాలాన్ని, చేపల రకాలను బట్టి ఇది ఎపిజూటిక్ అల్సరేటివ్ సిండ్రోమ్ అనే, చేపలకు వచ్చే పుండ్ల రోగం కావచ్చు. సూదితో గుచ్చినట్టు చిన్న ఎర్రమచ్చగా మొదలై, పొలుసులు రాలి, కండ కనిపించేంత లోతుగా పుండు పడుతుంది. దీనికి మూలం అఫనోమైసెస్ ఇన్వడాన్స్ అనే బూజులాంటి జీవి. బాక్టీరియా ఆ పుండులో తరువాత చేరుతుంది. అందుచేత యాంటీబయాటిక్ అసలు కారణాన్ని తాకనే తాకదు. పైగా చెరువు నీటిలో పలచబడిన మందు ఏరోమోనాస్ వంటి బాక్టీరియాను చంపడానికి చాలదు గాని, వాటిని మందులకు లొంగకుండా తయారుచేయడానికి సరిపోతుంది.

ఇక మురుగులో వచ్చే మందుల మాట. మనం మింగిన యాంటీబయాటిక్ సిప్రోఫ్లాక్సాసిన్‌లో సగానికి దగ్గరగా మూత్రంలో మారకుండానే బయటికి పోతుంది. నొప్పులకు వాడే డైక్లోఫెనాక్, లీటరుకు కొద్ది మైక్రోగ్రాములున్నా, ప్రయోగశాలలో ట్రౌట్ చేపల మూత్రపిండాలను, మొప్పలను దెబ్బతీసింది. అలా నీరసించిన చేపకు రోగం తేలికగా పట్టే అవకాశముంది. హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరు వ్యర్థజల శుద్ధికేంద్రం వదిలే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్లు 2007లో వెలువడిన అధ్యయనం తేల్చింది, కాని అది మందుల ఫ్యాక్టరీల వ్యర్థం, పల్లె చెరువుకు ఆ లెక్క వర్తించదు. మీ చెరువులో మలినం, ఆక్సిజన్ కొరత, చలి ఈ బూజు సోకడానికి దారితీసిన ప్రధాన కారణాలనీ, మందులు వాటికి తోడైతే అయి ఉండవచ్చనీ నా అభిప్రాయం.

పుండ్లున్న చేపలను తినకండి, అమ్మకండి. ఈ రోగం మనుషులకు అంటదు, అయితే పుండులోని బాక్టీరియా చేతిమీది గాటుగుండా లోపలికి వెళ్లగలదు. చేపలు పట్టిన తరువాత చెయ్యి వాచి జ్వరం వస్తే, వైద్యుడికి చెరువు సంగతి తప్పక చెప్పండి. చేపల చికిత్సకు జిల్లా మత్స్యశాఖ అధికారిని కలవండి. భువనేశ్వర్ దగ్గర కౌసల్యాగంగలోని కేంద్ర మంచినీటి చేపల పెంపక పరిశోధన సంస్థ (సీఫా) ఈ రోగానికే సీఫాక్స్ అనే మందు తయారుచేసింది, చెరువులో వేయాల్సిన సున్నం మోతాదు కూడా వారే చెబుతారు. ఇంట్లో మిగిలిన మాత్రలను మరుగుదొడ్డిలో పడేయకుండా, ఆసుపత్రిలో కాలం చెల్లిన మందులు వేసే పసుపు సంచిలో వేయమని అడిగి ఇవ్వండి.