పాత ఇల్లు బిల్డర్‌కి ఇస్తున్నారా? 'సగం' అంటే ఏ సగమో తేల్చుకోండి

ప్రశ్న: కర్నూలు వన్ టౌన్‌లో మాకు తాతల నాటి ఇల్లుంది, ఐదు సెంట్లు. పక్కవాళ్ల స్థలాలూ కలిపి 22 సెంట్లలో కింద షాపులు, పైన ఫ్లాట్లు కడతానని ఒక బిల్డర్ వచ్చాడు. చెరి సగం అంటున్నాడు. నాన్న వీలునామా రాయకుండానే పోయారు. అమ్మ, అక్క, నేను, తమ్ముడు ఉన్నాం. అక్కకు పెళ్లప్పుడే ఇవ్వాల్సింది ఇచ్చేశాం. ముందు గదిలో ఒకాయన ఏళ్ల తరబడి అద్దెకుండి కిరాణా కొట్టు నడుపుతున్నాడు. జీపీఏ (మా తరఫున వ్యవహరించే అధికారం బిల్డర్‌కు ఇచ్చే పత్రం) మీద సంతకం పెట్టమని తొందర చేస్తున్నారు. టెన్షన్‌గా ఉంది. పెట్టొచ్చా?

జవాబు: ఇప్పుడే పెట్టకండి. బిల్డింగ్ వద్దని కాదు, దేంట్లో సగమో ఇంకా ఎవరూ రాయలేదు కాబట్టి. మీకు 5,000 చదరపు అడుగులు వచ్చినా అవన్నీ మూడో అంతస్తులో వెనకవైపు వస్తే, రోడ్డు మీది షట్టర్లన్నీ బిల్డర్‌వే అవుతాయి. అద్దెలొచ్చేది ఆ షట్టర్ల మీదే. అందుకే కింది అంతస్తులో సగం, పైన ప్రతి అంతస్తులో సగం అని విడివిడిగా రాయించండి. ప్లాన్ మంజూరయ్యాక ఏ షాపు ఎవరిదో నంబర్లతో సప్లిమెంటరీ అగ్రిమెంట్ రిజిస్టర్ చేయించండి. అది అయ్యేదాకా బిల్డర్ తన వాటా కూడా అమ్మకూడదన్న షరతు ఉండాలి. స్థలంలో మీకు మిగిలే అవిభాజ్య వాటా (విడగొట్టని ఉమ్మడి వాటా) ఎన్ని గజాలో కూడా అందులోనే రాయాలి. 2009 అక్టోబరు వరదలో మన ఊళ్లో నీళ్లు ఎంతదాకా వచ్చాయో మీకు తెలుసు. సెల్లార్‌లో షాపులు చూపించి వాటా లెక్క కడితే అస్సలు ఒప్పుకోకండి.

జీపీఏ ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చులే అనుకోకండి. డెవలప్‌మెంట్ అగ్రిమెంట్‌తో (స్థలమిచ్చి కట్టించుకునే ఒప్పందంతో) కలిపి ఇచ్చిన జీపీఏలో బిల్డర్‌కు సొంత ప్రయోజనం ఉంటుంది. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 202 ప్రకారం అలాంటిదాన్ని మీ ఇష్టప్రకారం వెనక్కి తీసుకోలేరు. కాబట్టి అమ్మే అధికారం అతని వాటాకే పరిమితం చేయండి, అదీ పని సాగినకొద్దీ విడతలుగా ఇవ్వండి.

ఇక మీ అక్క సంగతి. పెళ్లిలో ఏం పెట్టినా ఆస్తిలో ఆమె హక్కు పోదు. నాన్న స్వార్జితమైతే అమ్మతో పాటు మీ ముగ్గురికీ సమాన వాటా. పిత్రార్జితమైనా కూతురు కొడుకుతో సమానమేనని 2005 సవరణ చెబుతోంది, సుప్రీంకోర్టు 2020లో దాన్ని ఖాయం చేసింది. ఆమె సంతకం లేకుండా మొదలుపెడితే రేపు కోర్టుకెళ్లి పని ఆపించగలదు. ఆ భయంతో కాదు, ఆమెది ఆమెకు ఇవ్వడం న్యాయం కనుక ముందు ఆమెతో కూర్చుని మాట్లాడండి. అమ్మ సంతకమూ తప్పనిసరి.

కిరాణా ఆయన్ను బిల్డర్ మనుషులు బెదిరించి ఖాళీ చేయించడం కుదరదు. కొత్త బిల్డింగ్‌లో ఒక షాపు అద్దెకిస్తామని రాతపూర్వకంగా ఒప్పించడం అందరికీ మేలు.

500 చదరపు మీటర్లు, అంటే 12 సెంట్ల పైచిలుకు, దాటిన స్థలంలో కట్టి అమ్మాలంటే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాలి. మీది 22 సెంట్లు కాబట్టి తప్పదు. కొనేవాళ్లు కట్టే సొమ్ములో 70 శాతం ప్రత్యేక ఖాతాలో పెట్టి ఆ పనికే వాడాలి.

ప్లాన్ మంజూరయ్యేదాకా ఇల్లు పడగొట్టనివ్వకండి. కట్టేటప్పుడు మీకిచ్చే అద్దె, ఆలస్యమైతే నెలకింత పరిహారం అంకెల్లో రాయించండి. డ్రాఫ్ట్‌ను బిల్డర్ లాయరుతో కాకుండా, ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత హక్కు పత్రాలు), ఇంటి పన్ను రసీదులు పట్టుకెళ్లి మీ సొంత లాయరుకు చూపించండి.