పాడే పిల్లల గొంతు జీరపోతే ఐస్‌క్రీమ్‌ను తిట్టకండి

పదకొండేళ్ల అమ్మాయి, సంగీతం నేర్చుకుంటోంది, రెండు నెలలుగా గొంతు బొంగురు, ఇంట్లో అందరూ ఐస్‌క్రీమే కారణమంటున్నారు, నిజమేనా అని అడిగారు. కాదండీ. జలుబుకు పోయిన గొంతు రెండు వారాల్లో తిరిగొచ్చేస్తుంది. నాలుగు వారాలు దాటినా రాలేదంటే స్వరపేటికను డాక్టర్ చూడాల్సిందే. చూడకుండా యాంటీబయాటిక్స్ రాసిచ్చేవాళ్లంటే నాకు ఒళ్లు మంట.

మా అక్క కూతురిదీ ఇదే అవస్థ. కింద స్వరాలు బాగానే పలికేవి, పై షడ్జం, అంటే పై 'స' దగ్గరికొచ్చేసరికి గాలి తప్ప నాదం వచ్చేది కాదు. కరక్కాయ బుగ్గన పెట్టారు, మిరియాల పాలు తాగించారు, అతిమధురం నమిలించారు. చివరికి ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి నేనే తీసుకెళ్లాను. ముక్కులో మందు కొట్టి సన్నటి కెమెరా గొట్టం లోపలికి పంపుతుంటే "పిన్నీ, నొప్పెడుతుందా?" అని నా చెయ్యి వదల్లేదు. "ఈ... అనమ్మా" అన్నారు డాక్టర్. తెర మీద తెల్లటి స్వరతంత్రులు రెండూ దగ్గరికొచ్చాయి గానీ పూర్తిగా మూసుకోలేదు. రెండింటి మీదా ఎదురెదురుగా చిన్న బుడిపెలు, వాటికి అటూ ఇటూ సందు. గాలి పోతున్నది అక్కణ్ణుంచే. నాడ్యూల్స్ అంటారట. పార పట్టిన చేతికి కాయలు కాసినట్టే, ఒకేచోట రాపిడికి వచ్చేవి.

ఆ వెంటనే డాక్టర్ అడిగింది, రాత్రి ఎన్నింటికి తింటుందని! ట్యూషన్, సంగీతం అన్నీ అయ్యాక తినడం, తిన్న వెంటనే పడుకోవడం. కడుపులోని ఆమ్లం గొంతుదాకా ఎగదన్నుతుందట, ఛాతీలో మంట లేకపోయినా సరే. పొద్దున లేవగానే బొంగురు, ఊరికే గొంతు సవరించుకోవడం దీని గుర్తులు. ఆ సవరించుకోవడంతో తంత్రులు మళ్లీ దెబ్బ తింటాయి. దుమ్ము ఎలర్జీ, ఎడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే కండ) వల్ల నోటితో గాలి పీల్చడం కూడా గొంతును ఎండబెడతాయి. అరుదుగా సిస్టులు, పులిపిర్లలాంటివీ ఉంటాయి. ఏది ఏదో బయట నుంచి ఎవరూ చెప్పలేరు.

నా అసలు కోపం మాత్రం శ్రుతి మీద. పాటకు ఆధారమైన 'స' ఎంత ఎత్తులో ఉండాలో చెప్పేదే శ్రుతి, అంకె పెరిగేకొద్దీ ఎత్తు పెరుగుతుంది. క్లాసులో అంత మంది పిల్లలకూ ఒకటే శ్రుతి బాక్సు, ఆరు శ్రుతి! ఆ శ్రుతిలో ఆడపిల్ల తారషడ్జం, అంటే ఆ పై షడ్జమే, పట్టుకుంటే తంత్రులు సెకనుకు 440 సార్లు కొట్టుకుంటాయి. మా పిల్లకు హాయిగా పలికేది నాలుగున్నర. పక్క పిల్లతో సమానంగా వినబడాలని పోటీల ముందు గొంతు చించుకుంది. మగపిల్లల సంగతి ఇంకా అన్యాయం. పన్నెండు, పదిహేనేళ్ల మధ్య గొంతు దాదాపు ఒక స్థాయి, అంటే 'స' నుంచి పై 'స' దాకా ఉన్నంత దూరం, కిందికి దిగుతుంది. అది ఎదుగుదల. శ్రుతి దించకుండా, అపస్వరమని నలుగురిలో నిలబెట్టేసరికి ఎంతమంది పాట మానేశారో!

ఆపరేషన్ అవసరం పడలేదు. శ్రుతి దించాం, రాత్రి భోజనం ముందుకు జరిపాం, స్పీచ్ థెరపిస్ట్ చెప్పినట్టు అరుపులు మాన్పించాం. గుసగుసగా మాట్లాడటం కూడా గొంతుకు విశ్రాంతి కాదని అక్కడే తెలిసింది. కొన్ని నెలలకు పై షడ్జం నిలబడింది.

మీరు వెళ్లేటప్పుడు పాప గొంతు ఫోన్లో రికార్డు చేసి తీసుకెళ్లండి, లేవగానే ఒకటి, సాధన అయ్యాక ఒకటి. ఏ శ్రుతికి పాడుతుందో కూడా డాక్టర్‌కు చెప్పండి.