కర్నూలు నుంచి శ్రీశైలానికి ఒంటరి నడక: 2,000 రూపాయలు సరిపోతాయా?
తమ్ముడూ, శివరాత్రికి కర్నూలు నుంచి ఒక్కడినే నడుస్తా, చేతిలో 2,000 ఉన్నాయి, కొత్త బూట్లు కొనాలా అని అడిగావు. కొనకు. నేను కొనుక్కుని ఆత్మకూరు చేరేసరికే మడమల మీద రూపాయి బిళ్లంత బొబ్బలు తెచ్చుకున్నా. అరిగిన పాతవే వేసుకో, వేళ్ల సందుల్లో కొబ్బరినూనె రాయి, సాక్సులు 2 జతలు పెట్టుకో. టెంటు దండగ, దుప్పటి, టార్చి, నీళ్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు చాలు. తిండి ఖర్చు పెద్దగా ఉండదు, దారిలో అన్నదానాలు పెడతారు.

వెంకటాపురం దాటాక నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను... అంతా పులులు తిరిగే నల్లమల. అక్కడ మాత్రం ఒంటరి పట్టుదల వదిలేసి ఏదో గుంపులో కలిసిపో. భీముని కొలను నుంచి కైలాసద్వారం ఎక్కుడు తెల్లారగానే మొదలెట్టు. ఎండెక్కితే మోకాళ్లు మొరాయిస్తాయి.